అక్వేరియం పెడుతున్నారా? ముందు నీళ్లు తయారు కానివ్వండి

హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో మొదటిసారి అక్వేరియం పెట్టినప్పుడు ప్రతి ఆదివారం దాన్ని పూర్తిగా కడిగేవాణ్ని. చేపల్ని బకెట్‌లోకి తీసి, నీళ్లన్నీ పారబోసి, రాళ్లు తోమి, ఫిల్టర్ స్పాంజ్‌ను కుళాయి కింద పిండి, అద్దం తళతళలాడేలా తుడిచి మళ్లీ కొత్త నీళ్లు నింపేవాణ్ని. ఇంత శుభ్రంగా చూసుకుంటున్నా రెండు మూడు రోజులకొక చేప చచ్చి తేలేది. భీమవరం దగ్గర రొయ్యల చెరువు చేసే మా బాబాయికి ఫోన్ చేసి గోడు చెప్పుకున్నాను. ఆయన అంతా విని, "ఒరేయ్, చెరువులో నీళ్లు పెట్టగానే మేం సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వదులుతామా? నీళ్లు తయారవ్వాలి కదరా. నువ్వేమో వారం వారం తయారైన నీళ్లు పారబోసి, చేపల్ని మళ్లీ పచ్చి నీళ్లలో వేస్తున్నావు" అన్నారు.

ఆ తర్వాత నేను ట్యాంక్‌ను ఎప్పుడూ పూర్తిగా కడగలేదు. చేపలు కూడా అలా వరసపెట్టి చావలేదు. కొత్తగా అక్వేరియం పెట్టాలనుకునేవాళ్లకు ఆ క్రమాన్నే ఇక్కడ చెబుతున్నాను.

ట్యాంక్, దాని చోటు

చిన్న ట్యాంక్‌తో మొదలుపెడితే సులువు అనుకుంటారు. నిజానికి చిన్నదే కష్టం. నీళ్లు తక్కువ ఉంటే చిన్న పొరపాటు కూడా వెంటనే విషమవుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంక్ తీసుకోండి. రాళ్లు, పైన వదిలే ఖాళీ పోను అందులో దాదాపు 50 లీటర్ల నీళ్లు పడతాయి. గుండ్రటి గాజు గిన్నెలు మాత్రం కొనకండి. వాటిలో ఫిల్టర్ పట్టదు, గాలి తగిలే పైభాగం తక్కువ, చేప తిరగడానికి చోటుండదు.

నీళ్లు, రాళ్లు, గాజు కలిపితే బరువు 70 కేజీలు దాటుతుంది. టీపాయ్ మీద, పలచటి ప్లైవుడ్ అలమారా మీద పెట్టకండి. గట్టి స్టాండ్ కావాలి, నాలుగు వైపులా సమంగా ఉండాలి. ట్యాంక్ కింద థర్మోకోల్ షీట్ తప్పకుండా వేయండి. చిన్న ఎగుడుదిగుడు ఉన్నా ఆ షీట్ సర్దుకుంటుంది, లేకపోతే అడుగు గాజు పగిలే ప్రమాదం ఉంది. కిటికీ ఎండ నేరుగా పడే చోటు వద్దు. నీళ్లు పచ్చబడతాయి, ఎండాకాలంలో కాగిపోతాయి కూడా.

కరెంటు విషయంలో ఒక జాగ్రత్త. ప్లగ్‌కు వెళ్లే వైరు ముందు కిందికి వేలాడి, ఆ తర్వాత పైకి వెళ్లి సాకెట్‌లో చేరేలా ఉంచండి. అప్పుడు వైరు మీదుగా జారే నీటి బొట్టు కిందే రాలిపోతుంది, సాకెట్ దాకా పోదు. ట్యాంక్‌లో చెయ్యి పెట్టే ముందు స్విచ్‌లన్నీ ఆపండి.

అడుగున వేయడానికి మామూలు నది గులకరాళ్లు చాలు. బాగా కడిగి, అంగుళం, అంగుళంన్నర మందం పరవండి. రంగు రాళ్లలో కొన్ని రంగు వదులుతాయి, నేనైతే వాటి జోలికి పోను. ఊళ్లోంచో గుట్ట మీంచో తెచ్చిన రాయైతే దాని మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసి చూడండి. నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు. అది నీటి గట్టిదనాన్ని, అంటే అందులో కరిగిన ఖనిజాల్ని, పెంచుతుంది. సముద్రం దగ్గర ఏరిన గవ్వలు, శంఖాలు కూడా అంతే.

మీ ఇంటి నీళ్లు ఎలాంటివి?

చేప కొనే ముందే దీనికి జవాబు తెలియాలి. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది మనకు మంచిదే, చేప మొప్పలకు మాత్రం నిప్పు. మనకు కావలసిన సూక్ష్మజీవుల్ని కూడా చంపేస్తుంది. నీళ్లు బకెట్‌లో పట్టి, మూత పెట్టకుండా 24 గంటలు ఉంచితే చాలావరకు పోతుంది. గాలి బుడగలు పెడితే ఇంకా త్వరగా పోతుంది. తొందరైతే అక్వేరియం షాపులో హైపో అడగండి. పటికబెల్లం పలుకుల్లా ఉంటుంది. పది లీటర్ల బకెట్‌కు రెండు మూడు చిన్న పలుకులు వేసి కలిపితే క్లోరిన్ విరిగిపోతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకు ఇంకో గండం ఉంది. సంపు, పై ట్యాంకు కడిగిన రోజున బ్లీచింగ్ పౌడర్ వేస్తారు. ఆ రోజు కుళాయి నీళ్లలో క్లోరిన్ మామూలు కంటే చాలా ఎక్కువ. వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచండి, ఎప్పుడు కడుగుతున్నా మీకు కబురు చేస్తాడు. ఆ తర్వాత రెండు మూడు రోజులు అక్వేరియంలో నీళ్లు మార్చకండి.

బోరు నీళ్లలో సాధారణంగా క్లోరిన్ ఉండదు కానీ ఖనిజాలు ఎక్కువ. గీజర్‌లో, కుళాయి మూతి దగ్గర తెల్లగా పేరుకుంటోందంటే మీ నీళ్లు గట్టివి. దీనికి కంగారు పడాల్సిన పని లేదు. మోలీలు, గప్పీలు, ప్లాటీలు గట్టి నీళ్లలోనే బలంగా పెరుగుతాయి. నీళ్లకు తగ్గ చేపను ఎంచుకోవడం సులువు, చేప కోసం నీళ్లను మార్చుకుంటూ పోవడం రోజూ తలనొప్పి. ఆర్‌వో నీళ్లు మంచివని పూర్తిగా వాటితోనే నింపేవాళ్లున్నారు. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు, ఆమ్లత నిలకడగా ఉండదు. బోరు నీళ్లు మరీ ఉప్పగా ఉంటే సగం ఆర్‌వో కలపండి, అంతకంటే వద్దు.

ఫిల్టర్

మొదటి ట్యాంక్‌కు ఎయిర్ పంప్‌తో నడిచే స్పాంజ్ ఫిల్టర్ చాలు. ధర తక్కువ, పాడయ్యేది ఏమీ ఉండదు, చేప పిల్లల్ని లోపలికి లాగదు, పైగా నీళ్లకు గాలి కూడా అందిస్తుంది. ఎయిర్ పంప్‌ను నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి. కింద పెట్టాల్సి వస్తే ట్యూబ్ మధ్యలో నాన్ రిటర్న్ వాల్వ్ బిగించండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు ట్యూబ్‌లోంచి వెనక్కి జారి పంప్‌లోకి, అక్కడి నుంచి గదిలోకి వస్తాయి.

ఫిల్టర్ రోజంతా నడవాలి. రాత్రి చప్పుడని ఆపేయకండి. ఎందుకో కింద చెబుతాను.

నీళ్లను తయారు చేయడం

ఇక్కడే ఓపిక కావాలి. ఎక్కువ మంది చేపలు పోగొట్టుకునేది కూడా ఇక్కడే.

చేప వదిలే మలం, మిగిలిపోయిన మేత, మొప్పల నుంచి వచ్చే వ్యర్థం, ఇవన్నీ చివరికి నీళ్లలో అమ్మోనియా అవుతాయి. అది విషం. నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా దాన్ని తిని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, చేప రక్తం ఆక్సిజన్‌ను మోయలేకుండా చేస్తుంది. నైట్రోస్పైరా లాంటి మరో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదకరం కాదు. కొంత మొక్కలు తీసుకుంటాయి, మిగిలింది వారం వారం నీళ్లు మార్చినప్పుడు పోతుంది.

ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. స్పాంజ్ గుల్లల్లో, రాళ్ల మీద, గాజుకు పట్టిన జిగురులో అంటుకుని ఉంటుంది. ఆదివారాలు నేను తోమి పారేసింది దాన్నే.

కొత్త ట్యాంక్‌లో ఈ బ్యాక్టీరియా ఉండదు, పెంచుకోవాలి. ట్యాంక్ నింపి, క్లోరిన్ తీసేసి, ఫిల్టర్ ఆన్ చేసి, చేపలు వేయకుండానే రోజూ చిటికెడు చేప మేత వేయండి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది, దాని మీద బ్యాక్టీరియా పెరుగుతుంది. మొదటి వారంలో నీళ్లు పాలు కలిపినట్టు మసకగా అవుతాయి. కొంచెం వాసన కూడా రావచ్చు. చాలామంది ఇక్కడే భయపడి అంతా పారబోసి మళ్లీ మొదలుపెడతారు. వదిలేయండి, దానంతటదే తేటపడుతుంది.

ద్రవాలతో చేసే టెస్ట్ కిట్ ఒకటి కొనండి. అలంకరణ బొమ్మలకు పెట్టే డబ్బు దీనికి పెట్టండి. వారానికి రెండుసార్లు పరీక్షిస్తే మొదట అమ్మోనియా పెరగడం, తర్వాత అది తగ్గుతూ నైట్రైట్ పెరగడం, చివరికి రెండూ సున్నాకు వచ్చి నైట్రేట్ కనిపించడం మీ కళ్లతో చూస్తారు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించిన తర్వాతే చేపలు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన దగ్గర నీళ్లు వెచ్చగా ఉంటాయి కాబట్టి కొంచెం ముందే అవ్వచ్చు కానీ, తేదీ చూసి కాదు, కిట్ చూసి నిర్ణయించుకోండి.

దీనికి ఒక మంచి దగ్గరి దారి ఉంది. తెలిసినవాళ్ల ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న పాత అక్వేరియం ఉంటే, వాళ్ల ఫిల్టర్‌లోని స్పాంజ్ ముక్కో గుప్పెడు రాళ్లో అడిగి తెచ్చుకోండి. వాళ్ల ట్యాంక్ నీళ్లలోనే ముంచి, తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్ పక్కన పెట్టండి. పాలకు తోడు వేసినట్టే. వారాల పని రోజుల్లోకి వస్తుంది.

బోరు నీళ్లు వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) పెరిగే కొద్దీ, వేడి పెరిగే కొద్దీ అదే అమ్మోనియా ఎక్కువ విషంగా పనిచేస్తుంది. మన బోరు నీళ్లలో పీహెచ్ తరచూ ఏడున్నర దాటుతుంది, ఎండాకాలం వేడి చెప్పనక్కర్లేదు. కిట్‌లో కొంచెమే కదా అని ఊరుకోకండి.

ఏ చేపలు?

50 లీటర్ల ట్యాంక్‌కు నా సలహా ఇది: ఆరు నుంచి ఎనిమిది మగ గప్పీలు, లేదంటే రెండు మగ, నాలుగు ఆడ మోలీలు, లేదంటే ఎనిమిది జీబ్రా డానియోలు. ఈ మూడింటిలో ఒక గుంపుతో మొదలుపెట్టండి. జీబ్రా డానియో మన దేశపు చేపే, చురుగ్గా ఉంటుంది, మన వాతావరణాన్ని తట్టుకుంటుంది. ట్యాంక్‌కు మూత ఉండాలి, బాగా ఎగురుతుంది. ఒకే రోజు అన్నీ తేకండి. మొదటి వారం సగం, రెండు వారాల తర్వాత మిగతావి.

ఆడ గప్పీ ఒక్కటి తెచ్చినా నెల తిరిగేసరికి పిల్లలు పెట్టొచ్చు. షాపులోనే మగదానితో కలిసి ఉంటుంది కాబట్టి, మన దగ్గర మగది లేకున్నా నెలల తరబడి పిల్లలు పెడుతూనే ఉంటుంది. ఆ పిల్లల్ని ఎక్కడ పెంచాలో తెలియకపోతే మగవాటితో సరిపెట్టుకోండి.

ఫైటర్ చేపను (బెట్టా) ఒంటరిగా ఉంచండి. అరచేతిలో పట్టే గాజు డబ్బాల్లో అమ్ముతారు కాబట్టి దానికి చోటు అక్కర్లేదనుకుంటాం. కనీసం 15, 20 లీటర్లు, చిన్న ఫిల్టర్ ఇచ్చి చూడండి, దాని రంగే మారుతుంది.

గోల్డ్ ఫిష్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. వాస్తు కోసమని చిన్న ట్యాంక్‌లో ఎనిమిది ఎర్రవి, ఒకటి నల్లది వేసేవాళ్లు చాలామంది. గోల్డ్ ఫిష్ జానెడు పెరిగే చేప, పదేళ్లకు పైగా బతికే చేప, మిగతావాటికంటే ఎక్కువ వ్యర్థం వదిలే చేప. తొమ్మిదింటికి రెండడుగుల ట్యాంక్ ఏ మూలకూ చాలదు. ఒకటి చావగానే ఇంటి మీది గండం అది తీసుకుపోయిందని చెప్పుకుంటారు. అది చచ్చింది అమ్మోనియాతో. నమ్మకం మీదైనా సరే, ప్రాణం దానిది. పెద్ద ట్యాంక్ పెట్టగలిగితేనే గోల్డ్ ఫిష్ తెచ్చుకోండి.

షాపులో షార్క్ అని చూపించే వేలెడు చేప చాలాసార్లు పంగాసియస్. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో తినడానికి కేజీల లెక్కన పెంచేది అదే. అద్దం శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ ఫిష్ అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక ఏం చేయాలో తెలియక జనం కాలవలో వదిలేస్తారు. ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లలో మత్స్యకారుల వలలు చింపుతున్న దెయ్యం చేప ఆ జాతిదే. ఆస్కార్ కూడా చిన్న ట్యాంక్ చేప కాదు. ఏ చేపనైనా కొనే ముందు "ఇది పూర్తిగా పెరిగితే ఎంతవుతుంది?" అని అడగండి. జవాబు మీద నమ్మకం కుదరకపోతే ఇంటికొచ్చి చదివి, మర్నాడు వెళ్లి కొనండి.

ఒంటి మీద గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగులు పూసినట్టు మెరిసే గ్లాస్ ఫిష్ కనిపిస్తే కొనకండి. ఆ రంగు పుట్టుకతో వచ్చింది కాదు, సూదితో ఎక్కించింది. అలాంటి చేపలు ఎక్కువ కాలం బతకవు. మనం కొనకపోతేనే ఆ పని ఆగుతుంది.

షాపు ట్యాంక్‌లో ఒక్క చచ్చిన చేప కనిపించినా ఆ ట్యాంక్‌లోంచి ఏదీ తీసుకోవద్దు.

చేపను ఇంటికి తెచ్చాక

కవర్‌ను తెరవకుండా ట్యాంక్ నీళ్ల మీద 15, 20 నిమిషాలు తేలనివ్వండి. వేడి సమమవుతుంది. తర్వాత కవర్ మూతి విప్పి, ఐదు నిమిషాలకోసారి అర గ్లాసు ట్యాంక్ నీళ్లు అందులో పోస్తూ ఉండండి. మరో అరగంటకు వలతో చేపను మాత్రం తీసి ట్యాంక్‌లోకి వదలండి. కవర్ నీళ్లు ట్యాంక్‌లో పోయకూడదు, షాపు జబ్బులు వాటితోనే వస్తాయి. ఆ పూట లైటు వేయకండి, మేత కూడా వద్దు.

ట్యాంక్‌లో ఇప్పటికే చేపలుంటే, కొత్తవాటిని రెండు మూడు వారాలు విడిగా ప్లాస్టిక్ టబ్బులో, చిన్న స్పాంజ్ ఫిల్టర్‌తో ఉంచండి. ఆ స్పాంజ్‌ను ముందు నుంచే పెద్ద ట్యాంక్‌లో ఒక మూల వేసి ఉంచుకుంటే టబ్బుకు తయారైన ఫిల్టర్ దొరుకుతుంది.

రోజూ, వారం వారం

రోజుకు ఒకటి, రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత మేత. అంతే. ఇంట్లో పిల్లలుంటే మేత డబ్బా వాళ్లకు అందనివ్వకండి, ప్రేమతో ఎక్కువ వేసేస్తారు. అతిథులు కూడా అంతే. వారానికి ఒక రోజు ఉపవాసం ఉంచినా చేపకు మంచిదే. బ్రెడ్డు, అన్నం మెతుకులు, బిస్కెట్ పొడి వేయొద్దు, నీళ్లు పాడవుతాయి.

వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. సన్నటి పైపుతో రాళ్ల మధ్య పేరుకున్న మడ్డిని పీలుస్తూ 12 లీటర్ల దాకా తీసి, క్లోరిన్ పోగొట్టిన నీళ్లు అంతే పోయండి. చేతితో ముట్టి చూస్తే రెండు నీళ్లూ ఒకే వేడిలో ఉండాలి. తీసిన నీళ్లు కుండీల్లో మొక్కలకు పోయండి, నైట్రేట్ ఉంటుంది కాబట్టి మందారం బాగా పూస్తుంది. ఆవిరైన నీళ్లకు బదులు పైనుంచి కొంచెం పోస్తే నీళ్లు మార్చినట్టు కాదు. వ్యర్థాలు, ఖనిజాలు లోపలే మిగిలిపోతాయి.

స్పాంజ్‌లో నీటి పారుదల తగ్గినప్పుడు మాత్రమే దాన్ని తీసి, బయటికి తీసిన ట్యాంక్ నీళ్లలోనే రెండు మూడుసార్లు పిండండి. కుళాయి కింద కాదు, సబ్బు అసలే కాదు. స్పాంజ్ గోధుమ రంగులోనే ఉంటుంది, ఉండాలి. స్పాంజ్ పిండిన వారం రాళ్లు కెలకకండి.

లైటు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు. మొక్కలు పెట్టాలనుకుంటే జావా ఫెర్న్, అనూబియాస్ మొండివి, రాయికి దారంతో కడితే చాలు. మనీ ప్లాంట్ కొమ్మను ట్యాంక్ అంచున పెట్టి వేళ్లు మాత్రం నీళ్లలోకి వదిలితే నైట్రేట్ తాగేస్తుంది, ఆకులు బయటే ఉంటాయి. రాత్రిళ్లు మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి. రొయ్యల చెరువుల్లో రాత్రంతా ఏరియేటర్లు తిప్పేది తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందనే. మీ ఫిల్టర్‌ను రాత్రి ఆపొద్దన్నది అందుకే. పైగా నీటి పారుదల ఆగితే స్పాంజ్‌లోని బ్యాక్టీరియాకు కూడా ఆక్సిజన్ అందదు.

చేప నలతగా కనిపిస్తే

ముందు మందు కాదు, టెస్ట్ కిట్ తీయండి. చేపలన్నీ పైకొచ్చి నోరు తెరుస్తుంటే చాలాసార్లు కారణం అమ్మోనియా, నైట్రైట్, లేదా ఆక్సిజన్ చాలకపోవడం. వెంటనే మూడో వంతు నీళ్లు మార్చి, గాలి పెంచండి, మేత ఆపండి.

ఒంటి మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపిస్తే అది వైట్ స్పాట్ అనే పరాన్నజీవి జబ్బు. నీటి వేడి ఒక్కసారిగా తగ్గినప్పుడు, కొత్త చేప తెచ్చినప్పుడు ఎక్కువగా వస్తుంది. హీటర్‌తో ఒకటి రెండు రోజుల్లో నెమ్మదిగా 30 డిగ్రీలకు తెచ్చి, లీటరుకు ఒక గ్రాము చొప్పున, అంటే 50 లీటర్లకు 50 గ్రాముల కల్లుప్పు ఒక మగ్గులో కరిగించి, రోజంతా కొంచెం కొంచెంగా కలపండి. మొక్కలకు, అడుగున తిరిగే కోరీడోరస్ లాంటి చేపలకు ఉప్పు పడదు, అవి ఉంటే ఉప్పు వద్దు. చుక్కలు పోగానే ఆపేయకండి. చుక్క రాలిన తర్వాత ఆ పరాన్నజీవి అడుగున పిల్లలు పెట్టి మళ్లీ ఈదుతూ వస్తుంది, ఉప్పుకు దొరికేది ఆ ఈదే దశలోనే. చివరి చుక్క పోయాక ఇంకో వారం కొనసాగించండి. మిథిలీన్ బ్లూ అనే నీలం మందు వాడాల్సి వస్తే విడి టబ్బులో వాడండి. ట్యాంక్‌లో పోస్తే తయారు చేసుకున్న బ్యాక్టీరియా పోతుంది.

ఎండలు, కరెంటు, దోమల మందు

నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్‌ను పట్టుకునే శక్తి తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు ఉండేది, 30 దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మూత కొంచెం తెరిచి వల కప్పి, చిన్న టేబుల్ ఫ్యాన్ గాలి నీళ్ల మీదుగా వీచేలా పెట్టండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, చూసుకుంటూ ఉండండి. ఐసు ముక్కలు నేరుగా వేయకండి, ఆ ఒక్కసారి మార్పును చేప తట్టుకోలేదు.

ఎయిర్ పంప్ లాగే కరెంటు మూడు నుంచి ఐదు వాట్లే. ఇన్వర్టర్ లైనుకు కలిపేయండి. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీ పంప్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. కరెంటు లేని సమయంలో మేత వేయొద్దు. ఏదీ అందుబాటులో లేకపోతే మగ్గుతో నీళ్లు తీసి అడుగు ఎత్తు నుంచి మళ్లీ ట్యాంక్‌లోనే పోస్తూ ఉండండి.

దోమల స్ప్రే, కాయిల్, లిక్విడ్ మెషిన్ల మందు చేపలకు మహా విషం. ఎయిర్ పంప్ గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది కాబట్టి అది నేరుగా లోపలికి వెళ్తుంది. అక్వేరియం ఉన్న గదిలో వాటిని పెట్టకండి, దోమతెర కట్టుకోండి. సాంబ్రాణి పొగ వేసే రోజు పంప్‌ను పొగ తగలని చోటికి జరపండి.

సంక్రాంతికి ఊరెళ్తే మూడు నాలుగు రోజులు పెద్ద చేపలు మేత లేకుండా హాయిగా ఉంటాయి. పక్కింటివాళ్లకు మేత డబ్బా ఇచ్చి వెళ్లకండి, తిరిగొచ్చేసరికి నీళ్లు పాడై ఉంటాయి. వారం దాటితే ఒక్కో పూటకు సరిపడా మేతను చిన్న కాగితం పొట్లాలు కట్టి, రోజు విడిచి రోజు ఒక పొట్లం వేయమని చెప్పండి. బయల్దేరే రెండు రోజుల ముందు పావు వంతు నీళ్లు మార్చండి. బయల్దేరే రోజు మాత్రం ట్యాంక్‌ను ముట్టుకోకండి, ఏదైనా తేడా వస్తే చూడటానికి మీరు ఇంట్లో ఉండరు.